ఆయన చేతి బోణీ

పన్నెండు రోజుల కిందట, శుక్రవారం పొద్దున్నే ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ మోగింది. ఈ మధ్య దానికి ఇన్సూరెన్సు అమ్మేవాళ్లు తప్ప ఎవరూ చేయరు. కసురుకుందామనే ఎత్తాను.

"ఆంటీ, నేను లాలాపేట నుంచి మాట్లాడుతున్న. మా బాపు పోయిండు. బాపు డైరీల మీ నంబర్ ఉండె, అందుకని చేసిన" అంది ఒక ఆడగొంతు.

ఎవరి బాపు అని అడగాల్సిన పని లేకపోయింది. లాలాపేటలో నాకు తెలిసిన మనిషి ఒక్కరే. ఫోన్ పెట్టేసి అక్కడే కుర్చీలో కూలబడ్డాను. పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె మాడి, వాసన హాల్లోకి వచ్చేదాకా లేవలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో గుర్తుపడతారని కాదు, గుర్తుపట్టేవాళ్లు ఎవరు మిగిలారు కనుక! ఆ పేరు అచ్చులో ఉండాల్సిన చోటు ఒకటుంది. అక్కడ లేదు. ఇప్పుడు నేను రాసుకునే నాలుగు కాగితాల్లో వేసి పుణ్యం కట్టుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఆయన సంగతి చెప్పాలంటే చేతుల దగ్గరే మొదలుపెట్టాలి. జనగామ అవతల ఏదో పల్లెలో నాగలి పట్టిన చేతులవి. వేళ్లు లావు, గోళ్లు పొట్టి, ఎడమ బొటనవేలి మీద కొడవలి గాటు. అంత మోటు వేళ్లతో సన్నటి గాజు పిపెట్ పట్టుకుంటే మాత్రం చుక్క అంటే చుక్కే రాలేది. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో రీసెర్చికి చేరింది అరవై ఏడులో. ఆయన అప్పటికే మూడేళ్ల సీనియరు. మొదటి రోజే ఉత్సాహం ఆపుకోలేక బల్ల మీది సీసా అందుకోబోయాను.

"ఆగాగు. చేతులు కడిగినవా?"

"కడిగానండీ, అన్నయ్యగారూ."

"ఎంతవరకు?"

మణికట్టు చూపించాను. ఆయన పళ్లు బయటపెట్టి నవ్వారు. "మోచేతి దాక కడగాలె చెల్లె. తుడువకు, ఆరనియ్యి. ఇంకోటి, అన్నయ్యగారేంది? నేనేమన్న పెండ్లికొడుకు తరపోన్నా? అన్న అను, సాలు."

కోస్తా నుంచి వచ్చి తార్నాకలో ఇల్లు తీసుకున్న కుటుంబం మాది. వయసులో పెద్దవాళ్లని 'గారు' లేకుండా పిలవడానికి నాకు నోరు తిరగలేదు. నెల పట్టింది. మొదటిసారి "అన్నా" అన్నప్పుడు ఆయన పనిలో ఉండి పలకలేదు. సీసా మూత తీసి ఉన్నంతసేపూ ఆయన మాట్లాడరు. నోటి గాలిలో ఏముంటుందో ఎవరికి తెలుసు, అదంతా సీసాలో పడుతుందని ఆయన భయం. మూత పెట్టి, స్పిరిట్ దీపం ఆర్పి, అప్పుడు తిరిగి, "ఆఁ, ఏంది చెల్లె?" అన్నారు. నేను పిలిచి పది నిమిషాలైంది. ఎందుకు పిలిచానో నేనే మర్చిపోయాను.

మా గదికి ఏసీ లేదు. దుమ్ము లేస్తుందని పని జరిగేటప్పుడు ఫ్యాను కూడా కట్టేసేవాళ్లం. మే నెలలో నుదుటి చెమట సీసాలో పడకుండా ఆయన తలకి రుమాలు గట్టిగా కట్టుకుని కూర్చుంటే అచ్చం కల్లం మీద కూర్చున్న రైతులాగే ఉండేవారు. ఆ మాటంటే పొంగిపోయేవారు. "మరేమనుకున్నవ్? గిదిగూడ ఎవుసమే" అనేవారు.

మా పని ఏమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను, భయపడకండి. ఎలుక పిల్లల మూత్రపిండాలని కణాలుగా విడదీసి, పలక సీసాల్లో ఎర్రటి ద్రవం పోసి పెంచేవాళ్లం. దూడ రక్తం గడ్డ కట్టాక పైన తేరే సీరం ఆ ద్రవంలో కలిపేవాళ్లం. కణాలకి అదే తిండి. ఆ రక్తం కోసం ఆయన వారానికోసారి తెల్లవారుతూనే సైకిలేసుకుని కబేళాకి వెళ్లేవారు. కణాలు సీసా అడుగంతా పరుచుకుని ఒకదానికొకటి తగిలేదాకా పెరుగుతాయి. ఇక చోటు లేదనగానే ఆగిపోతాయి. చచ్చిపోవు, ఊరికే ఉంటాయి. కొత్త డీఎన్‌ఏ చేసుకోవు. అలా ఊరికే ఉన్న కణాల మీదకి, ఎలుకల్లో కణుతులు పుట్టించే ఒక వైరస్‌ని వదిలితే అవి లేచి మళ్లీ డీఎన్‌ఏ తయారీకి దిగుతాయని అప్పుడప్పుడే విదేశాల నుంచి పేపర్లు వస్తున్నాయి. అది ఎలా లేపుతుందన్నదే ఆయన థీసిస్.

"గీ వైరస్‌కు సొంత పొయ్యి లేదు చెల్లె. పండుకున్నోని ఇంట్ల జొరబడి వాని పొయ్యే రాజేస్తది. వండుకునేది దాని వంట, కాలేది వాని కట్టెలు" అని చెప్పారు నాకు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను కానీ అంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. చెప్పి ఊరుకోకుండా చివర్లో తలూపుతూ, "లేపుడు అల్కనే. మల్ల పండవెట్టుడే ఎవనికి రాదు" అనేవారు. అదే క్యాన్సర్ అంటే.

ఇంతకీ ఆ చేతి సంగతి. మా డిపార్టుమెంటులో కణాలు పెంచే వాళ్లందరికీ ఒక నమ్మకం ఉండేది. ఎవరు కొత్త బ్యాచ్ మొదలుపెట్టినా మొదటి సీసా ఆయనే పోయాలి. కొట్టువాడు పొద్దున్నే మంచి చేతి బోణీ కోసం చూసుకున్నట్టు, మా వాళ్లు ఆయన సీతాఫల్‌మండి నుంచి నడుచుకుంటూ వచ్చేదాకా స్టూళ్ల మీద కాచుక్కూర్చునేవారు. ఆయన బోణీ చేసిన బ్యాచ్‌కి బూజు పట్టదు, కణాలు రాలిపోవు. సైన్సు చదివి ఇదేం చాదస్తం అంటారేమో. మా ప్రొఫెసరుగారు కూడా పైకి విసుక్కుంటూనే తన సీసాలు ఆయన వైపే జరిపేవారు. ఆయన మాత్రం నవ్వి, "హస్తవాసి కాదు పాడు కాదు, మోచేతి దాక కడుగుర్రి, గంతే" అనేవారు. లోపల మాత్రం గర్వమే. ఆ చేతిని ఆయన నమ్ముకున్నారు. పెద్ద ఇంగ్లీషు లేదు, పెద్ద సిఫార్సు లేదు. ఉన్నది ఆ చెయ్యే.

అరవై తొమ్మిది వచ్చింది. ఉద్యమం. క్యాంపస్‌లో క్లాసులు లేవు, రోడ్ల మీద బస్సులు లేవు. ఈ రోజు బంద్ అంటే రేపు కర్ఫ్యూ. సీసాల్లో కణాలకి ఇవేవీ పట్టవు కదా! సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన అసలు ప్రయోగానికి అంతా సిద్ధమైంది. ఒక సోమవారం సాయంత్రం రెండు ట్రేల సీసాలు బయట పెట్టారు. ఒక ట్రేకి వైరస్, రెండోదానికి లేదు. వైరస్ పోసే ముందు సీసాలోని పాత ద్రవాన్ని తీసి దాచి, మళ్లీ ఆ పాతదే పోశారు. రెండో ట్రేకీ అలాగే చేశారు.

"రెండింటి నడుమ వైరస్ ఒక్కటే తేడా ఉండాలె చెల్లె. ఇంకేది మారినా పనంత ఆగమైతది. రేపు బంద్ అంటున్నరు, రైలు గేటు కాడ పోలీసోళ్లు నన్ను దాటనియ్యరు. ఎల్లుండి పొద్దుగాల గూడ నేను రాకుంటే థైమిడిన్ నువ్వే వెయ్యి. ఇంకేం ముట్టకు. పండుకున్నోళ్లను పండుకోనియ్యి."

థైమిడిన్ అంటే రేడియోధార్మికత ఉన్న ఒక మందు. కొత్తగా డీఎన్‌ఏ చేసుకునే కణం మాత్రమే దాన్ని మింగుతుంది. తర్వాత చీకటి గదిలో ఫొటో రసాయనం పూసి మూడు వారాలు ఉంచితే, మింగిన కణం మీద నల్లచుక్కలు పడతాయి. చుక్కలున్న కణాలని లెక్కపెడితే ఎన్ని లేచాయో తెలుస్తుంది.

మంగళవారం నాన్నగారు గుమ్మం దాటొద్దన్నారు. నేను వింటానా! పెరటి దారిన, పొదల్లోంచి, పావుగంటలో డిపార్టుమెంటులో ఉన్నాను. ఊరికే ఒకసారి చూసి వద్దామని. వైరస్ ట్రేలో సీసాలన్నీ పసుపు తిరిగి ఉన్నాయి. ఎర్రటి ద్రవం పసుపు తిరిగిందంటే కణాలకి ఆకలి అని ఆయనే నేర్పారు. ఆ పసుపు చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. వాకిట్లోకి వచ్చినవాళ్లకి ఒక ముద్ద పెట్టకుండా పంపడం మా ఇంట్లో లేదు. మా అమ్మ పిల్లికి కూడా వడ్డించాకే కూర్చునేది. ఆయన వచ్చేసరికి ఇవన్నీ చచ్చి ఊరుకుంటాయేమో అనిపించింది. ఇంకా నిజం చెప్పాలంటే, ఆయన లేనప్పుడు నా చేత్తో బతికాయని అనిపించుకోవాలన్న యావ కూడా ఉంది. ఫ్రిజ్‌లో కొత్త సీరం కొంచెమే ఉంది. ఒక్క ట్రేకి సరిపోయింది. మోచేతుల దాకా కడుక్కుని, ఆరనిచ్చి, మాట్లాడకుండా, వైరస్ ట్రేలోని పాత ద్రవం తీసేసి కొత్తది పోశాను. గులాబీ రంగుకి వచ్చాయి. ఎంత తృప్తో! నోట్‌బుక్కులో రాయలేదు. ముట్టుకోవద్దన్నారు కదా.

బుధవారం కూడా ఆయన రాలేకపోయారు. థైమిడిన్ వేశాను.

మూడు వారాల తర్వాత ఆయన చీకటి గదిలోంచి స్లైడ్లు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టారు. ఒక మూల నుంచి ఇంకో మూలకి లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. లేచి, నన్ను కూర్చోబెట్టారు. వైరస్ లేని స్లైడులో అక్కడొకటి అక్కడొకటి. వైరస్ స్లైడులో ఎటు జరిపినా నల్లచుక్కలే. "లేచినయ్ చెల్లె! ఒక్కటి గూడ పండుకోలె!" అంటూ ఆ మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. ఆ సాయంత్రం అందరికీ చాయ్ తాగించారు. ఆ ఆనందంలో నాదీ కొంత ఉందనే అనుకున్నాను, నా మొహం!

ప్రొఫెసరుగారు బొంబాయిలో ఒక సదస్సుకి రాసేశారు. అంతకు ముందు ఇంకోసారి చేసి చూపించమన్నారు. చేశారు. లేచాయి, కానీ కొన్నే. మొదటిసారి ముందు అది ఏపాటి! మళ్లీ చేశారు. మళ్లీ అంతే. వైరస్ మార్చారు, ఎలుకలు మార్చారు, కబేళా దూడలని ఎంచి మరీ రక్తం పట్టించారు. ఆయన మొహం పీక్కుపోయింది. సద్ది డబ్బా మూత తీయకుండానే తిరిగి తీసుకెళ్లేవారు.

ఒకరోజు లైబ్రరీ నుంచి ఒక పత్రిక పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. అందులో ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టారు. నేనా పేజీ అంతకు ముందు వారమే చదివాను. ఆగిపోయిన కణాలకి ఉత్త కొత్త సీరం పోసినా చాలు, అవి లేచి డీఎన్‌ఏ చేసుకుంటాయని ఉంది. చదివిన రోజునే, ఆ మంగళవారం నేను చేసిందేమిటో నాకు అర్థమైంది.

"ఆ మంగళవారం నువ్వు వచ్చినవా చెల్లె? ఏమన్న కొత్తది పోసినవా?"

కోపం లేదు ఆ గొంతులో. అవునంటే ఆ క్షణంలో ఎగిరి గంతేసేవారు. జవాబు దొరికేదిగా! ఆ రోజుల్లో మా ఫెలోషిప్పులు పొడిగించే కాగితం ప్రొఫెసరుగారి బల్ల మీద ఉంది. తెలంగాణ అబ్బాయి పని ఆంధ్రా పిల్ల చెడగొట్టిందన్న మాట క్యాంపస్‌లో పుడితే ఏమవుతుందో అని కూడా అనుకున్నాను. ఇవన్నీ తర్వాత పేర్చుకున్న సాకులు. భయం వేసింది, అంతే.

"లేదన్నా. నేను ఆ రోజు రానేలేదు" అన్నాను.

"రాలేదంటే రాలేదు. నీ మాట సాలు" అని పత్రిక మూసేశారు.

తర్వాతి వారం ప్రొఫెసరుగారు అందరి ముందూ అడిగారు. "ఇంకోలా అనుకోకు. ఆ మొదటి లెక్క నిజంగా నువ్వు చూసిందేనా?" అంటే దొంగలెక్క రాశావా అని. ఆయన లేచి నిలబడి, "చూసిందే సార్. నా చేతిల్నే ఏదో లోపమున్నది. గదేందో దొర్కుతలేదు" అన్నారు. నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను. బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున జరిగింది చెప్పడం నాకు అన్నిటికంటే కష్టం. కొత్త బ్యాచ్ రోజు. ఆయన ఎప్పటిలాగే వచ్చి, చేతులు కడుక్కుని, తడి చేతులు పైకి పట్టుకుని గదిలోకి వచ్చారు. లోపల మా వాళ్లు అప్పటికే మొదలుపెట్టేశారు. సగం సీసాలు అయిపోయాయి. ఎవరూ తలెత్తలేదు. నీళ్లు మోచేతుల మీంచి గచ్చు మీద కారుతున్నాయి. తర్వాత జేబులోంచి రుమాలు తీసి చేతులు తుడుచుకున్నారు. ఆయన చేతులు తుడుచుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

థీసిస్ ఇవ్వకుండానే వెళ్లిపోయారు. ఏదో జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరి లాలాపేటలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ప్రొఫెసరుగారు ఆ ప్రాజెక్టు నాకిచ్చారు. నేను కొత్త సీరం పోసి, ఈసారి నోట్‌బుక్కులో శుభ్రంగా రాసుకుని, ఆగిపోయిన కణాలని సీరం ఎలా లేపుతుందో థీసిస్ రాశాను. డాక్టరునయ్యాను. అవును, అదే పని. ఆ మంగళవారం పనే. పట్టా వచ్చిన రోజు ఆయన మిఠాయి పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "నీ థీసిస్ ఒక కాపీ ఇయ్యి చెల్లె, తీరువాటంగ చదువుత" అన్నారు. తెచ్చిస్తానన్నాను. మా ఇంటి నుంచి లాలాపేట ఎంత, కాళ్లీడ్చుకుంటూ నడిచినా అరగంట. తీసుకెళ్లలేదు.

చాలా ఏళ్ల తర్వాత వాళ్ల కాలేజీలో సైన్సు ప్రదర్శనకి నన్ను జడ్జిగా పిలిచారు. ఆ రోజు ఎలాగైనా చెప్పేయాలని గట్టిగా అనుకునే వెళ్లాను. జుట్టు తెల్లబడింది, నవ్వు అదే. ఒకమ్మాయి ఉల్లివేరు కోసి మైక్రోస్కోపు కింద పెట్టబోతోంది. బ్లేడు ఆయన వైపు చాపి, "మీరే కొయ్యండి సార్" అంది.

"నువ్వే కొయ్యి బిడ్డా. నా చెయ్యి మంచిది గాదు" అన్నారు ఆయన నవ్వుతూ. అలవాటైపోయిన మాటలాగే అన్నారు. తర్వాత నా వైపు తిరిగి పిల్లలందరికీ చూపించారు. "హస్తవాసి అంటే గీ మేడంది. నా కండ్ల ముంగటనే పని నేర్చుకున్నది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. బహుమతులిచ్చి, టీ తాగి, ఆటో ఎక్కి వచ్చేశాను.

నిన్న పన్నెండో రోజు. లాలాపేట వెళ్లాను. నడవలేక ఆటోలో వెళ్లాను. ముందుగదిలో దండ వేసిన ఫొటో. ఫోన్ చేసిన అమ్మాయే ఎదురొచ్చింది. అమ్మాయంటే యాభై దాటిన మనిషి, ఆయన కూతురు. భోజనాలయ్యాక, చుట్టాలు సర్దుకున్నాక, నా పక్కన చాప మీద కూర్చుంది.

"ఒకటి అడుగుత ఆంటీ, ఏమనుకోవద్దు. మా బాపు ఇంట్ల ఏం ముట్టకపోతుండె. మొక్క పెట్టాలన్నా అమ్మనే, నా బిడ్డ పుడితే ఎత్తుకోనీకి గూడ భయపడిండు. నా చెయ్యి మంచిది గాదు అంటుండె. మీ దగ్గర పని చేసేటప్పుడు గూడ అట్లనే ఉండెనా?"

మనవరాలిని ఎత్తుకోలేదన్నమాట ఆయన. ఇక దాచి ఏం చేసుకోను? "లేదమ్మా. మీ నాన్నగారి చెయ్యి తగలందే మేమెవరం పని మొదలుపెట్టేవాళ్లం కాదు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. పసుపు తిరిగిన సీసాలు, సీరం, నేను ఆడిన అబద్ధం, నా థీసిస్. చెబుతూ ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు. నేను ఆగాక ఫొటో వంక చూసింది.

"గిది బాపుకు తెల్సా ఆంటీ?"

"తెలీదమ్మా. చెప్పలేదు."

తిడుతుందనుకున్నాను. లేచి పొమ్మంటుందనుకున్నాను. అదీ లేదు. నా వైపు తిరిగి మామూలుగా, ఏదో అడ్రసు అడిగినట్టు అడిగింది.

"మీ ఇల్లు తార్నాకల్నే గద ఆంటీ? ఈడికి అరగంట నడక?"

అవునన్నాను.